హెచ్‌సీయూనా, ఓయూనా? రెండు చోట్లా పీజీ సీటు వచ్చినవాళ్ల కోసం

డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకు జులై నుంచి అక్టోబరు దాకా ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో సీటొచ్చింది, తెలంగాణ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియా (ఓయూ)లో వచ్చింది, ఎటు పోవాలి సార్? పక్కనే మేనమామ ఉంటాడు: 'సెంట్రలంటే సెంట్రలే, ఇంకా ఆలోచనేంటి?' ఓయూలో చదివిన పక్కింటాయన మరోవైపు: 'అక్కడుంటే గ్రూప్స్ కొడతాడు, పంపించండి.' ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఆ సగం మీ పిల్లకు వర్తిస్తుందా లేదా అన్నదే తేలాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పీజీ రెండేళ్లు. మూడో ఏడు మీరు ఎక్కడ, ఏం చేస్తూ ఉండాలనుకుంటున్నారో దాన్నిబట్టి యూనివర్సిటీని ఎంచుకోండి. 'ఏది గొప్పది' అని మొదలుపెడితే వాదన తెల్లారేదాకా సాగుతుంది, తేలదు.

ముందుగా వేటిని చూడాలి

ర్యాంకుతో మొదలుపెట్టకండి. కేంద్రం ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు మొత్తం యూనివర్సిటీకి ఇచ్చేది. మీరు చదివేది ఒక డిపార్ట్‌మెంట్‌లో, నలుగురైదుగురు అధ్యాపకుల దగ్గర. పెద్ద పేరున్న చోట చిక్కిపోయిన డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, పేరు లేని చోట దిట్టమైనవీ ఉంటాయి. ఎంఏ, ఎమ్మెస్సీలకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల లెక్కలు కూడా పెద్దగా పనికిరావు. ఎంబీఏ, ఎంసీఏ సంగతి వేరు, ఇక్కడ వాటి జోలికి వెళ్లను.

చూడాల్సినవి ఇవి: పీజీ తర్వాత మీ దారి ఏమిటి, వచ్చిన సీటు ఏ క్యాంపస్‌లో, ఏ రకం సీటు, మీ సబ్జెక్టులో పాఠం చెప్పేవాళ్లు ఎవరు, హాస్టల్ దొరుకుతుందా, ఏ భాషలో పరీక్ష రాయగలరు. వీటికి తోడు చాలామంది మరిచిపోయేది క్యాలెండర్. రెండు చోట్లా తరగతులు ఒకేసారి మొదలుకావు. అసలు చిక్కు చాలావరకు అక్కడే పుడుతుంది.

| విషయం | హెచ్‌సీయూ | ఓయూ |
|---|---|---|
| పుట్టుక | 1974, పార్లమెంటు చట్టంతో | 1917 నిజాం ఫర్మానాతో, 1918 నుంచి బోధన |
| ప్రవేశం | సీయూఈటీ పీజీ, దేశమంతటితో పోటీ | సీపీగెట్, ప్రధానంగా రాష్ట్ర విద్యార్థులతో పోటీ |
| సీటు ఎక్కడ | గచ్చిబౌలి క్యాంపస్ | తార్నాక క్యాంపస్, నిజాం కాలేజీ, సైఫాబాద్, సికింద్రాబాద్ పీజీ కాలేజీ, జిల్లా సెంటర్లు, అనుబంధ కాలేజీలు |
| రిజర్వేషన్ | కేంద్ర జాబితా | రాష్ట్ర జాబితా, స్థానికత |
| చదువు తీరు | ఇంటర్నల్స్, సెమినార్లు, ఇంగ్లిష్ | సెమిస్టర్ చివరి పరీక్షదే పెద్దపీట |
| చుట్టూ ఉన్నది | ఐటీ కారిడార్, లింగంపల్లి స్టేషన్ | తార్నాక మెట్రో, పరిశోధన సంస్థలు, కోచింగ్ సెంటర్లకు దగ్గర |
| ఎవరికి నప్పుతుంది | నెట్ (జాతీయ అధ్యాపక అర్హత పరీక్ష), పీహెచ్‌డీ, బయటి రాష్ట్రాలకు వెళ్లేవాళ్లు | రాష్ట్ర సర్వీసులు, జేఎల్, డీఎల్ (జూనియర్, డిగ్రీ లెక్చరర్) ఉద్యోగాలు, ఇక్కడే స్థిరపడేవాళ్లు |

ఓయూలో సీటంటే ఎక్కడ సీటు?

ఈ ప్రశ్న అడక్కుండానే చాలామంది సంబరపడిపోతారు. సీపీగెట్‌ను ఉస్మానియా నిర్వహిస్తుంది గానీ, దాంతో వచ్చే సీట్లన్నీ ఉస్మానియావి కావు. కాకతీయ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల సీట్లూ అందులోనే ఉంటాయి. సరే, అలాట్‌మెంట్ కాగితం మీద 'ఉస్మానియా' అనే ఉందనుకుందాం. ఆర్ట్స్ కాలేజీలోనా, నిజాం కాలేజీలోనా, సైఫాబాద్ సైన్స్ కాలేజీలోనా, జిల్లాలోని ఏదో అనుబంధ ప్రైవేటు కాలేజీలోనా? పట్టా మీద ముద్ర ఒకటే. చదువు మాత్రం ఒకటి కాదు. క్యాంపస్ లైబ్రరీ, క్యాంపస్ హాస్టల్, క్యాంపస్ సీనియర్లు ఉంటేనే 'ఓయూలో చదివాను' అన్న మాటకు మీరు ఊహించుకునే అర్థం వస్తుంది.

అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కాలేజీ పేరు పక్కన కోర్సు రకం కూడా ఉంటుంది. రెగ్యులరా, ఖర్చంతా విద్యార్థి ఫీజుతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్సా? ఈ రెండింటి ఫీజుకూ చాలా తేడా. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు చూసి కోడ్ చూడకపోతే, ఫీజు కట్టే రోజున తెలుస్తుంది. ఆప్షన్ల పేజీని ఒక్కసారి తీరిగ్గా, కోడ్‌తో సహా కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే సైట్‌లో ఎక్కించండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయికి హాల్‌టికెట్ ఇచ్చేసి 'నువ్వే పెట్టెయ్ తమ్ముడూ' అనే అలవాటు మానుకోవాలి.

హెచ్‌సీయూలో ఈ గొడవ లేదు. సీటొచ్చిందంటే గచ్చిబౌలిలోనే. కాబట్టి నా లెక్క ఇది: ఓయూ సీటు క్యాంపస్‌లో రెగ్యులర్ అయితేనే అది హెచ్‌సీయూతో పోటీకి నిలుస్తుంది. అనుబంధ కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ సీటైతే, ఇంటి పరిస్థితులు కట్టిపడేస్తే తప్ప, హెచ్‌సీయూకే వెళ్లండి. రెండో ఆలోచన అక్కర్లేదు.

హెచ్‌సీయూ ఏమిస్తుంది, ఏమడుగుతుంది

ఈ యూనివర్సిటీ ఊరికే పుట్టలేదు. ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఇదొక హామీ. ఇందుకోసమే రాజ్యాంగంలో 371ఈ అధికరణం చేరింది. సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి మారింది. అప్పట్లో ఊరికి ఎంతో దూరం అనుకున్న ఆ చోటు ఇప్పుడు ఐటీ కంపెనీల నడుమ పడింది. పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025లో జరిగిన గొడవ, చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపడం అందరికీ గుర్తుండే ఉంటుంది.

చదువు విషయానికొస్తే, ఇక్కడ థియరీ పేపర్లకు నిరంతర మూల్యాంకనం ఉంటుంది. టెస్టు, అసైన్‌మెంట్, సెమినార్ ఇలా సెమిస్టర్ పొడవునా ఏదో ఒకటి తరుముతూనే ఉంటుంది. డిగ్రీలో చివరి పది రోజులు గైడు పట్టుకుని పాసైనవాళ్లకు మొదటి సెమిస్టర్ చుక్కలు చూపిస్తుంది. క్లాసులో మలయాళీలు, బెంగాలీలు, ఒడియావాళ్లు, ఈశాన్య రాష్ట్రాలవాళ్లు ఉంటారు. చర్చంతా ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి రెండు నెలలు నోరు విప్పరు. మూడో నెలకు విప్పుతారు. రెండో ఏడాదికి సెమినార్ పేపర్ వాళ్లే చదువుతారు. ఈ మార్పు నిజంగా జరుగుతుంది. కానీ ఆ మొదటి రెండు నెలలు గదిలో తలుపేసుకుని ఏడ్చేవాళ్లూ ఉంటారని తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

మరెక్కడా సులువుగా దొరకని కోర్సులు కొన్ని ఇక్కడున్నాయి. నాట్యం, రంగస్థల కళల్లో ఎంపీఏ (ప్రదర్శన కళల పీజీ), అనువర్తిత భాషాశాస్త్రం, కమ్యూనికేషన్ లాంటివి. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో ల్యాబు వసతి, ప్రాజెక్టు పని గట్టిగా ఉంటాయి. పక్కనే గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) వారి హైదరాబాద్ కేంద్రం ఉంది.

హాస్టల్ మాత్రం సీటుతో పాటే చేతికొచ్చేస్తుందని అనుకోకండి. విద్యార్థుల సంఖ్య పెరిగినంతగా గదులు పెరగలేదు. కొన్ని వారాలు బయట ఉండాల్సి రావచ్చు. గచ్చిబౌలి, లింగంపల్లి వైపు ప్రైవేటు హాస్టళ్ల అద్దెలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల జీతాలు చూసి పెట్టినవి. ఆ ఒకటి రెండు నెలల ఖర్చు ముందే లెక్కేసుకుని బయల్దేరండి. ఒకసారి లోపల గది దొరికితే, మెస్ బిల్లుతో కలిపినా హైదరాబాద్‌లో అంత తక్కువ ఖర్చుతో బతకడం మరోచోట కష్టమే.

ఓయూ ఏమిస్తుంది, ఏమడుగుతుంది

ఒక భారతీయ భాష, ఉర్దూ, బోధనా మాధ్యమంగా మొదలైన యూనివర్సిటీ ఇది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు ఫొటో దిగని విద్యార్థి ఉండడు. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమం ఊపిరి పీల్చుకున్నది ఈ ఆవరణలోనే. ఆ వేడి ఇప్పటికీ తగ్గలేదు. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాడికి ఇది స్వర్గం. ప్రశాంతంగా చదువుకోవాలనుకునేవాడు ధర్నాల రోజు లైబ్రరీలో దూరిపోవడం నేర్చుకోవాలి.

ఓయూ అసలు బలం దాని లైబ్రరీ, ఆ చుట్టూ అల్లుకున్న చదువరుల లోకం. పొద్దున్నే కుర్చీ మీద పుస్తకం పెట్టి చోటు ఆపుకుని టిఫిన్‌కు వెళ్లే వాళ్లలో సగం మంది పీజీ ఎప్పుడో పూర్తి చేసినవాళ్లే. గ్రూప్-1 మెయిన్స్‌కు ఏ పుస్తకం చదవాలి, తెలంగాణ చరిత్రకు ఎవరి నోట్స్ మంచివి, పాలిటీలో ఏ చాప్టర్ నుంచి ఎక్కువ అడుగుతున్నారు, ఇవన్నీ అక్కడ చెట్టు కింద టీ తాగుతూ తెలిసిపోతాయి. అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ కోచింగ్ సెంటర్లు అన్నీ చేరువే. హెచ్‌సీయూ నుంచి అశోక్‌నగర్ వెళ్లి రావాలంటే రోజులో మంచి భాగం బస్సులోనే పోతుంది.

సైన్స్ వాళ్లకు ఓయూ చుట్టుపక్కల ఒక వరం ఉంది, చాలామంది గమనించరు. రసాయన పరిశోధనల ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో, భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ, జీవశాస్త్ర పరిశోధనల సీసీఎంబీ హబ్సిగూడ వైపు. ప్రాజెక్టు కోసం గట్టిగా తిరిగే విద్యార్థికి ఇవన్నీ పావుగంట దూరం. ఖగోళశాస్త్రం బోధించే అతి కొద్ది భారతీయ యూనివర్సిటీల్లో ఉస్మానియా ఒకటి. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దానిదే. జియోఫిజిక్స్‌లోనూ పాత పేరుంది.

ఇక లోటు. ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు సరిగా జరగక, చాలా డిపార్ట్‌మెంట్లు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. వాళ్లలో అద్భుతంగా చెప్పేవాళ్లున్నారు, ఆ మాట కాదనలేం. కానీ ఒక ప్రొఫెసర్ రిటైరైతే ఆయన చెప్పే పేపరే అటకెక్కే ప్రమాదం ఉంటుంది. పరీక్షలు, ఫలితాలు వెనక్కి జరగడం కూడా కొత్త సంగతి కాదు. క్లాసుకు రాకపోయినా నడిచిపోయే వాతావరణం గ్రూప్స్ చదివేవాడికి కలిసొస్తుంది, సబ్జెక్టు నేర్చుకోవాలని వచ్చినవాడికి నష్టం చేస్తుంది. హాస్టళ్లలో నాన్‌బోర్డర్ల, అంటే గది కేటాయింపు లేకుండా ఉండేవాళ్ల, రద్దీ ఉంటుంది. గది దొరక్కపోతే విద్యానగర్, నల్లకుంట, తార్నాకల్లో గచ్చిబౌలి కంటే తక్కువకే అద్దె గదులున్నాయి.

పట్టింపులకు పోయి ఈ రెండింటినీ శత్రు శిబిరాలుగా చూసేవాళ్లకు ఒక సంగతి. ఉస్మానియాలో భాషాశాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారే తర్వాత హెచ్‌సీయూకు వైస్ ఛాన్సలర్ అయ్యారు.

మరి మీరు ఎవరు?

*గ్రూప్స్, జేఎల్ మీద కన్నున్నవాళ్లు.* ఓయూ క్యాంపస్ సీటొస్తే ఓయూ. చదువుతోపాటు పరీక్షల వాతావరణం, తోటివాళ్లు, సమాచారం అన్నీ ఒక్కచోట. లెక్చరర్ల రాష్ట్ర అర్హత పరీక్ష టీజీ సెట్‌ను నిర్వహించేదీ ఉస్మానియానే. అయితే ఒక్క హెచ్చరిక. 'గ్రూప్స్ చదువుతున్నా' అనే మాట వెనుక దాక్కుని ఏళ్లు గడిపేసేవాళ్లు కూడా ఆ లైబ్రరీలోనే ఉంటారు. ఎన్ని నోటిఫికేషన్ల దాకా ప్రయత్నిస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

*నెట్, పీహెచ్‌డీ, అధ్యాపక వృత్తి.* హెచ్‌సీయూ. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ స్కోరునే పీహెచ్‌డీ ప్రవేశాలకూ వాడుకునే వీలు కల్పించారు. నెట్‌లో పై మార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. నెట్ పేపర్ అడిగే తరహా చదువు, అంటే సిద్ధాంతాలు, మూల గ్రంథాలు, పరిశోధన పద్ధతులు, హెచ్‌సీయూ క్లాసులో రోజువారీ పనిలోనే వచ్చేస్తాయి. జేఆర్‌ఎఫ్ లేకుండా పీహెచ్‌డీలో చేరినా, కేంద్ర యూనివర్సిటీల్లో నెలకు 8,000 రూపాయల నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. చాలదు, కానీ మెస్ బిల్లు గడుస్తుంది.

*బయటి దేశాలకో, ఢిల్లీకో, బెంగళూరుకో పోవాలనుకునేవాళ్లు.* హెచ్‌సీయూ. ఇంగ్లిష్‌లో రాయడం, మాట్లాడటం అలవడుతుంది. రికమండేషన్ లెటర్ రాసే ప్రొఫెసర్‌కు మీ పేరు తెలుస్తుంది. చిన్న క్లాసుల లాభం అదే.

*ఇంగ్లిష్ అంటే బెదిరేవాళ్లు.* ఇక్కడ నా సలహా కొంతమందికి నచ్చదు. వయసు ఇరవై ఒకటైతే, ఇంకో రెండేళ్లు ఇబ్బంది పడ్డా ఫర్వాలేదనుకుంటే, హెచ్‌సీయూకే వెళ్లి ఆ భయం పోగొట్టుకోండి. తెలుగులో పరీక్ష రాసి రాష్ట్ర సర్వీసుకే వెళ్లాలని నిశ్చయించుకుంటే ఓయూ. అయితే మీ కోర్సులో తెలుగులో జవాబులు రాయనిస్తారో లేదో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి చేరండి. ఎంఏ తెలుగు వాళ్లకు ఈ చిక్కు లేదు. రాయప్రోలు సుబ్బారావు, సి.నారాయణరెడ్డి పాఠం చెప్పిన, బిరుదురాజు రామరాజు జానపద పరిశోధనకు దారి వేసిన ఓయూ తెలుగు శాఖకు ఆ వారసత్వమే పెద్ద ఆకర్షణ. అనువాదం, భాషాశాస్త్రం వైపు మనసుంటే మళ్లీ గచ్చిబౌలే.

*ఉద్యోగం చేస్తూ, ఇంటి బాధ్యతలు చూస్తూ చదివేవాళ్లు.* ఓయూ. హెచ్‌సీయూ హాజరు, ఇంటర్నల్స్ మిమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వవు.

*ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చేవాళ్లు.* హెచ్‌సీయూలో స్థానికత ప్రశ్నే లేదు. తెలంగాణలో స్థానికత నిబంధనలు ఈమధ్య మారుతున్నాయి. ఆ ఏటి సీపీగెట్ నోటిఫికేషన్‌లో ఆ పేజీ చదవకుండా ఓయూ మీద ఆశ పెట్టుకోవద్దు. మీకు నిజమైన పోలిక బహుశా హెచ్‌సీయూకూ, ఏపీ పీజీసెట్‌తో వచ్చే ఆంధ్రా యూనివర్సిటీకీ మధ్య. పైన ఓయూ గురించి చెప్పిన తర్కమే అక్కడా చాలావరకు పనిచేస్తుంది, అశోక్‌నగర్ ఒక్కటి తీసేసి చూసుకోండి.

ముందు చేరాలా, ఆగాలా?

సీయూఈటీ పీజీ మార్చిలో అవుతుంది, హెచ్‌సీయూ అడ్మిషన్లు వేసవి చివరికల్లా నడుస్తాయి. సీపీగెట్ పరీక్షే ఆ తర్వాత ఎప్పుడో. కౌన్సెలింగ్ అయ్యేసరికి దసరా దాటినా ఆశ్చర్యం లేదు. అంటే రెండు సీట్లూ ఎదురెదురుగా పెట్టుకుని ఎంచుకునే వీలు ఉండదు. హెచ్‌సీయూ క్లాసులు వింటూ ఉండగా ఓయూ సీటు వస్తుంది.

కాబట్టి హెచ్‌సీయూ సీటొస్తే చేరండి. ఓయూ కోసం దాన్ని వదులుకుని ఖాళీగా ఇంట్లో కూర్చోవద్దు. మానేయాల్సొస్తే ఫీజు సంగతేంటి? 2024-25 విద్యా సంవత్సరానికి యూజీసీ చెప్పింది ఇదీ: సెప్టెంబరు 30లోపు మానేస్తే పూర్తి ఫీజు వెనక్కి, అక్టోబరు 31లోపు అయితే 1,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది వెనక్కి. మీ ఏడాదికి ఆ తేదీలేమిటో యూజీసీ సైట్‌లో చూసుకుని క్యాలెండర్ మీద గీత గీసుకోండి. వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటే ఆలస్యం చేయకండి. మీ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ఎవరో ఎదురుచూస్తుంటారు, స్పాట్ రౌండ్ దాటాక ఖాళీ చేసిన సీటు ఎవరికీ దక్కదు.

హెచ్‌సీయూలో చేరాక ఓయూ సీటు తేలేలోపు ఉండే ఆ రెండు నెలల్లో ఓయూ డిపార్ట్‌మెంట్‌కు ఒక పనిరోజున వెళ్లి రండి. పండగ ముందు రోజో, శనివారమో కాదు. నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉందా, దాని ప్రకారం ఆ గంటకు ఆ గదిలో క్లాసు జరుగుతోందా చూడండి. సీనియర్లను నాలుగే అడగండి: పోయిన సెమిస్టర్‌లో అన్ని పేపర్లకూ పాఠాలు జరిగాయా, ఫలితాలు ఎప్పుడొచ్చాయి, ప్రాజెక్టుకు గైడ్ ఎవరు, ఆయన ఎన్నిసార్లు కలిశారు? హెచ్‌సీయూలో మీ సొంత క్లాసుకూ ఇవే ప్రశ్నలు వేసుకోండి. అప్పటికి రెండు నెలలు కళ్లారా చూసుంటారు గనక జవాబు మీ దగ్గరే ఉంటుంది.

కాగితాల దగ్గర రెండు చోట్ల పిల్లలు బోల్తా పడతారు. మొదటిది బీసీ విద్యార్థులకు. మీసేవలో తీసుకున్న బీసీ-ఏ, బీ, డీ సర్టిఫికెట్ ఓయూకు చాలు, హెచ్‌సీయూకు చాలదు. అక్కడ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ తాజాది. రాష్ట్ర జాబితాలో బీసీగా ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కూడా. తహసీల్దార్ ఆఫీసులో పని అవడానికి పట్టే రోజులు మీకు తెలిసినవే, డిగ్రీ చివరి సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టేయండి.

రెండోది టీసీ. మిగతా ఒరిజినల్స్ చూసి వెనక్కిచ్చేయాలని యూజీసీ నిబంధన ఉన్నా, టీసీ ఒరిజినల్ చేరిన చోటే ఉండిపోతుంది. ఓయూలో చేరే రోజున అది కావాలి. హెచ్‌సీయూలో మానేస్తున్నట్టు దరఖాస్తు ఇచ్చి, లైబ్రరీ, హాస్టల్ నుంచి బాకీ లేదనే నో డ్యూస్ తెచ్చుకుని, టీసీ చేతికి తీసుకునేసరికి నాలుగైదు పనిరోజులు సులువుగా పోతాయి, ఓయూ రిపోర్టింగ్ గడువు మాత్రం ఒక్కోసారి అంతే ఉంటుంది. అందుకే సీపీగెట్ అలాట్‌మెంట్ వచ్చిన రోజే, మనసు ఇంకా అటూ ఇటూ ఊగుతున్నా, నో డ్యూస్ ఫారం తీసుకుని లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పేయండి. ఉండిపోవాలనుకుంటే పుస్తకాలు మళ్లీ తెచ్చుకోవచ్చు.